ఉప్పు అని రాసిన సీసా

అత్తగారు పోయి నెల దాటినా ఆ ఇంట్లో ఒక్క సీసా కదల్లేదు. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఖాళీ సీసా పారేసి ఎరగదు. జామ్ సీసాలో గుండీలు, కాఫీ సీసాలో మేకులు, మూత పగిలిన దాంట్లో దువ్వెనలు. బట్టలు కుట్టే కోడలికి దారపు ఉండల కోసమే నాలుగు సీసాలు ఇచ్చింది.

ఆ ఉదయం అందరికంటే ముందు లేచింది ఆడపడుచు. వంటింటి సీసాలన్నీ కడిగి, తుడిచి, పైన చీటీల ప్రకారం మళ్లీ నింపింది. ఉప్పు అని రాసినదాంట్లో పంచదార, పంచదార అని రాసినదాంట్లో ఉప్పు ఉన్నాయి. ఇదేం తెలివమ్మా అనుకుని సరిచేసింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఈవిడ ఆ మిగతా సగం కూడా తనదే అనుకునే రకం. తల్లి శవం ముందు కన్నీటి చుక్క రాల్చని మనిషున్న ఇంటికి ఇక రానని ముందురోజే తమ్ముడికి తేల్చి చెప్పింది. ఇవాళే ప్రయాణం.

కోడలు ఆ మాట వింది. బాధ వెయ్యలేదు. ఈ నెలరోజులుగా ఆమెకి ఏదీ వెయ్యడం లేదు. కుట్టాల్సినవి కుడుతోంది, వండాల్సినవి వండుతోంది. అంతే.

లేచి టీ పెట్టింది. అలవాటుగా ఉప్పు చీటీ సీసాలోంచే చెంచాలు వేసి, వదినకో కప్పు ఇచ్చి తనూ తాగడానికి కూర్చుంది.

ఆడపడుచు ఒక్క గుక్క తాగి, పరుగున వెళ్లి సింకులో ఉమ్మేసింది. కోడలు కసితో చేసిందనుకుని, నాలుగు దులిపేద్దామని వెనక్కి తిరిగింది. కోడలు కప్పు అప్పటికే ఖాళీ అయింది.

"మొత్తం తాగేశావా? అది ఉప్పు."

"అవునా వదినా. నాకు తెలీలేదు. ఈ మధ్య ఏం తిన్నా ఒకటే."

ఆడపడుచు ఉప్పు చీటీ సీసా చేతిలోకి తీసుకుంది. ఆ చీటీలు ఎందుకు మార్చావని మెల్లగా అడిగింది.

"అత్తయ్యకి షుగర్ కదా. కనిపించకూడదని మార్చాను. వారం తిరక్కుండా కనిపెట్టేశారు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆశపడుతున్నారు కదా అని, రోజూ రెండు చెంచాలు అందులో ఉంచి మిగతాది మిషను సొరుగులో దాచేదాన్ని. ఆవిడ తింటారని తెలిసే పెట్టాను వదినా. ఆ రెండు చెంచాలే చంపేశాయేమో. ఇక ఏ మొహంతో ఏడవను?"

ఆడపడుచు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. తన కోపం ఎటుపోయిందో తెలీదు.

"అమ్మ ఫోన్లో చెప్పేది. ఏ సీసానో చెప్పేది కాదు, నేను కేకలేస్తానని. 'నా ఇష్టానికి వదిలేస్తే డబ్బాడు పంచదారా తినేసి ఎప్పుడో పోయేదాన్నే. నా కోడలు లెక్కగా రెండు చెంచాలే ఉంచుతుంది. తనకి తెలీదని నేను అనుకుంటున్నానని అది అనుకుంటుంది. ఇద్దరం దొంగలమే, హాయిగా ఉన్నాం' అనేది."

కోడలు ఆమె వైపు తిరిగింది.

"చెప్పి నవ్వేవారా?"

"నీ మాట వచ్చినప్పుడే నవ్వేది. మిగతా అంతా మోకాళ్ల నొప్పులే."

కోడలి మొహం మెల్లగా ముడుచుకుపోయింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, నెలరోజుల తర్వాత మొదటిసారి, అత్తయ్యా అంటూ ఏడ్చింది.