కొంగలొచ్చే వేళ

యావోర్‌తో రలిత్స మొదటి పరిచయమే పోట్లాట. బస్సు టికెట్లు అమ్మే సైటు జనం ఎగబడిన వేళలో ఉన్నట్టుండి ఆగిపోయింది. ప్లోవ్‌దివ్ ఆఫీసులో సర్వర్ పక్కన ఆమె ఒక్కతే. సర్వర్ బాగోగులు చూసే అతను దూరాన వార్నా ఊళ్ళో, ఫోన్‌కి అవతల.

"మెమరీ అంతా మీ ప్రోగ్రామే మింగేస్తోంది," అన్నాడు.

"అది తినేది కాస్తేనని ఇక్కడ కనిపిస్తూనే ఉంది. దాని మీద నింద వెయ్యకండి."

"అయితే దెయ్యం తినేసిందంటారా?"

అప్పటి నుంచి సర్వర్ పడిపోయినప్పుడల్లా అతని ఫోన్ వచ్చేది. "మహారాణికి మళ్ళీ మూర్ఛా?" అని మొదలుపెట్టేవాడు. అది తిరిగి లేచేదాకా కబుర్లు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తు లేదు. మిగతా రోజంతా రలిత్సకు తోడు ఫ్యాన్ల హోరు. ఇంటికెళితే అదీ లేదు.

మార్చి ఒకటిన ఆమె, వసంతంలో మొదటి కొంగ కంటపడేదాకా చేతికి ఉంచుకునే ఎర్రా తెల్లా దారాల మార్తెనిత్స తెచ్చి సర్వర్ బీరువాకి కట్టింది.

"దానికి కట్టావు సరే. నీ చేతికెవరు కట్టారు?" అన్నాడు యావోర్.

"ఎవరో ఒకరు కట్టాలి కదా. మనకి మనం కట్టుకునేది కాదుగా."



ఆ వారమే మెమరీ దొంగ దొరికింది. ప్రోగ్రాముల లెక్కలో కనిపించని మెమరీ అంతా సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్ దగ్గరే ఇరుక్కుంది. నెట్‌వర్క్ కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్, సైటుకి వచ్చిన ప్రతి మనిషి కోసం కాస్త చోటు తీసుకుని, వాళ్ళు వెళ్ళిపోయినా వదలడం లేదు. కొత్త డ్రైవర్ వేస్తే సరి.

రలిత్స చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఇది బాగైతే అతను ఇంకెందుకు ఫోన్ చేస్తాడు?

ఇంతలో ఒక ముసలాయన ఫోన్. "అమ్మాయ్, మా ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మీ సైటు టికెట్ ఇవ్వదేం?"

ఆయనకి టికెట్ తీసిచ్చి, దొరికిన సంగతంతా యావోర్‌కి రాసి పంపింది.

"ఆ డ్రైవర్ వేసింది నేనే," అన్నాడతను ఫోన్‌లో. గొంతులో అల్లరి లేదు. "ఇన్నాళ్ళూ నీ ప్రోగ్రామునే తిట్టాను."

అతను కొత్త డ్రైవర్ వేశాక సర్వర్ మళ్ళీ పడలేదు. ఫోనూ మోగలేదు. ఊరంతా కొంగలను చూసినవాళ్ళు చేతి దారాలు విప్పి పూసిన చెట్లకు కట్టేస్తున్నారు. రలిత్స ఆకాశం వైపు చూడకుండా తల వంచుకుని ఆఫీసుకీ ఇంటికీ నడిచేది. విప్పడానికి ఆమె చేతికి ఏముంది గనక.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నలిగిన కోటుతో పొడుగాటి మనిషి.

"మహారాణి కులాసానా?"

గొంతు వినగానే ఆమె లేచి నిలబడింది. "బాగుంది. ఫోన్ చెయ్యడానికి నీకు పని లేకుండా పోయింది."

"పని లేకుండా ఊరికే ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. అందుకే మనిషినే వచ్చేశాను." జేబులోంచి ఎర్రా తెల్లా దారం తీశాడు.

"ఆలస్యమైంది. కొంగలొచ్చేశాయి."

"నేను చూడలేదు."

"వార్నా నుంచి ఇక్కడిదాకా పొలాలే. ఒక్కటీ కనపడలేదా?"

"దారంతా కళ్ళు మూసుకు కూర్చున్నాను. పక్కాయన జబ్బనుకుని వాంతుల మాత్ర కూడా ఇచ్చాడు."

రలిత్స చాలా రోజులకు నవ్వింది. ముందు వెళ్ళి కిటికీ తెర దించింది. తర్వాత చెయ్యి చాపింది.