మోడు కొమ్మకు ఆకు

“మన రశ్మి శత్రువుల వైపు తిరిగిపోయింది. ఈరోజు నారాయణఖేడ్ బస్టాండ్‌లో టైమ్ బాంబ్ పెడుతుంది.” చీఫ్ ఫోన్‌లో అంతే చెప్పి ఒక ఫొటో పంపాడు.

ఫొటోలో ఒక బొంత. దాని నడుమ గుడ్డముక్కలతో కుట్టిన చెట్టు. ఈ విదేశీ ముఠా ఫోన్లు వాడదు. బీదర్ నుంచి డిజైన్ కాగితం వస్తుంది, ఏమీ ఎరగని ముసలమ్మ కుడుతుంది, హ్యాండీక్రాఫ్ట్స్ ఎక్స్‌పోర్టర్ వేషంలో రశ్మి పట్టుకుపోతుంది. కొమ్మకున్న ఆకులే అంకెలు; ముఠా ముందే టైమ్ పెట్టి పంపిన బాంబ్ ఎప్పుడు పేలుతుందో రశ్మికి చెప్పేది అవే. నిన్నటిదాకా ఏజెంట్ నర్మదతో ఒకే కంచంలో తిన్న రశ్మి!  నర్మద ఆకులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, ఒకటి, ఒకటి. అంటే పన్నెండు గంటల పదకొండు నిమిషాలు.

ఇప్పుడు పదకొండు యాభై. బాంబ్ స్క్వాడ్ ఇంకా దారిలోనే ఉంది. గాజులమ్మే వేషంలో నర్మద ఆ బొంత కుట్టిన ముసలమ్మ భీమమ్మ ఇంటి గడపలోనే కూర్చుని ఉంది.

“అవ్వా, గీ చెట్టు కాయితంల ఉన్నట్టే కుట్టినవా?”

“యాడిది! గా కాయితం గీసినోనికి బుద్ధి లేదు. ఆఖరి రెండు కొమ్మలు ఉత్త మోడు బిడ్డా. పిల్లలు పండుకునే బొంత మీద మోడు కొమ్మ కుడ్తరా ఎవలన్న? నేనే చెరొక ఆకు ఏసిన.”

నర్మద లెక్క సరిచేసుకుంది. మోడు కొమ్మంటే సున్నా. బాంబ్ పేలేది సరిగ్గా పన్నెండుకి!

“ఏందే, గట్ల జూస్తున్నవ్? నా బిడ్డ నీలాంబిక గూడ గిట్లనే పరేషాన్‌గ ఉరికింది, పసిదాన్ని ఎత్తుకొని బస్టాండుకు.”

నర్మద గాజుల గంప వదిలేసి ఆటో ఎక్కింది. “జల్దీ పోనియ్ అన్నా!”

బస్టాండ్ కిక్కిరిసి ఉంది. నల్లకళ్లద్దాలతో రశ్మి బెంచీ మీద తీరిగ్గా చాయ్ తాగుతోంది. కాళ్ల దగ్గర బ్యాగు. పక్కనే ఇంకో చిన్న బొంతలో చుట్టిన బిడ్డతో నీలాంబిక. పదకొండు యాభై తొమ్మిది.

“లేటయ్యావు నర్మదా. నా బస్సు పన్నెండూ అయిదుకి. నన్ను ఆపితే ఈ బాంబ్‌ను ఆపే కోడ్ నీకు దొరకదు.”

“పిచ్చిదానా, పన్నెండుకే పేలుతుంది! చివరి రెండు కొమ్మలూ మోడువి. ముసలమ్మకు మనసొప్పక ఆకులు కుట్టింది.”

రశ్మి చేతిలో గ్లాసు జారిపడింది. ప్రాణభయంతో తనే బ్యాగు తెరిచి కోడ్ కొట్టింది. తప్పు. మళ్లీ కొట్టింది. మూడు... రెండు... టైమర్ ఆగింది.

నీలాంబిక బిడ్డను జోకొడుతూనే ఉంది. ఆమెకేమీ తెలియదు.

నర్మద రశ్మిని జీపెక్కించింది. బేడీలు వేసిన రశ్మి పళ్లు కొరికింది.

“నిజం చెప్పు. ఆ ముసలిది ఏ ఏజెన్సీ?”

“బొంతలు కుడుతుంది.”

రశ్మి ఇప్పటికీ నమ్మదు.