వగరు వైనూ, జలుబు ముక్కూ

పొరపాటున రెండుసార్లు ఉప్పు పడిన సూప్‌ని అడుగు కనిపించేదాకా తాగేసి, "అద్భుతం చెఫ్ గారూ" అన్నాడతను.

చెఫ్ గారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ సూప్‌ని పారబోద్దామని పక్కన పెట్టింది తను.

అతను ఆ రెస్టారెంట్‌కి కొత్తగా వచ్చిన వైన్ నిపుణుడు. ఏ వంటకంతో ఏ వైన్ బాగుంటుందో కస్టమర్లకి చెప్పడమే ఉద్యోగం. వంటింట్లో అందరికీ వైన్ బాబు. వచ్చిన రోజే, ఆమె వేయించిన చేపతో ఫ్రెంచ్ రెడ్ వైన్ ఇస్తే కస్టమర్ పారిపోతాడని తేల్చేశాడు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ పడదు. కాకపోతే ఏం వండినా మెచ్చుకుని మరీ తింటాడు. ఆ మెచ్చుకోలు కోసమే ఆమె రోజూ కాస్త ఎక్కువ వండుతోంది. ఆ సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకోదు.

దగ్గరికెళ్లి చూస్తే అతని ముక్కు టమాటాలా ఉంది.

"జలుబా?"

"అబ్బే," అని తుమ్మాడు.

నిలదీస్తే అంతా కక్కేశాడు. వాసన లేదు, రుచి లేదు. సాయంత్రం ఓనరమ్మ, అంటే చెఫ్ గారి పెద్దమ్మ, స్వయంగా టేబుల్ దగ్గర కూర్చుంటుంది. ఫ్రెంచ్ డ్రై రెడ్‌కి సరైన వంటకం కుదరకపోతే వైన్ బీరువా తీసేసి ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ పెట్టిస్తానంది. బీరువాతో పాటే వైన్ బాబూ బయటికే.

"అయితే ఈమధ్య నన్ను పొగిడిందంతా అబద్ధమేగా?"

అతను తల దించుకున్నాడు. ఆమెకి ఒళ్లు మండింది. కానీ రేపటి నుంచి అతను కూర్చుని తినే కుర్చీ ఖాళీ అనుకోగానే ఆ మంట చల్లారింది. అతని ముందున్న వైన్ గ్లాసు లాక్కుంది.

"నోరు నాది, తెలివి మీది. కానివ్వండి."

ఒక్క గుటక వేసి మొహం ముడుచుకుంది. పచ్చి జామకాయ కొరికినట్టు వగరుగా ఉందంది. తీపి లేని వైన్‌నే డ్రై అంటారని, ఆ వగరుకి కొవ్వు, ఉప్పు తగిలితే మెత్తబడుతుందని అతను చెప్పాడు. ఆమె పంతం కొద్దీ చేపతోనే మొదలుపెట్టింది. ఇనుప గరిటె నాకినట్టుంది. అతను పైకప్పు వైపు చూశాడంతే. కారం దట్టించిన మటన్‌తో తాగితే చెవుల్లోంచి పొగలొచ్చాయి. చివరికి కారం మానేసి, వెన్న, వెల్లుల్లి పట్టించి సన్నసెగ మీద మగ్గబెట్టిన మటన్ ముక్క నోట్లో పెట్టుకుని, గుటక వేసి కళ్లు మూసుకుంది. వగరు ఎటు పోయిందో.

అతను ఎలా ఉందని అడగడం మర్చిపోయి ఆమె మొహమే చూస్తున్నాడు.

సాయంత్రం పెద్దమ్మ తింది, తాగింది, ఇంకో ముక్క వడ్డించమంది. ఎవరు కుదిర్చారని అడిగింది. అతను నేనే అనొచ్చు. అనలేదు. తనకి జలుబనీ, రుచి చూసింది చెఫ్ గారేననీ చెప్పేశాడు.

"ముక్కు పనిచెయ్యని వైన్‌వాణ్ని నేనేం చేసుకోను నాయనా?"

"నాక్కావాలి పెద్దమ్మా," అనేసింది చెఫ్ గారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకోలేక నాప్‌కిన్ అడ్డం పెట్టుకుని, బీరువా అక్కడే ఉండనివ్వమంది.

వెనక గుమ్మం దగ్గర అతను ఐ లవ్ యూ చెప్పాడు. చెబుతూ తుమ్మాడు.

"మూసుకుపోయిన ముక్కుతో చెప్పేవి నేను నమ్మను. తగ్గాక చెప్పండి."

జలుబు తగ్గిందని అతను పరుగెత్తుకొచ్చిన రోజు ఆమె ముందుగా సూప్ గిన్నె చేతిలో పెట్టింది. ఒక్క చెంచా నోట్లో పెట్టగానే అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇది సూప్ కాదు, సముద్రం. అయినా ఐ లవ్ యూ."

"హమ్మయ్య, ఇప్పుడు నమ్ముతా."

అతను ఉత్సాహంగా రెండో చెంచా ఎత్తాడు. ఆమె గిన్నె లాగేసుకుంది.

"తాగకు, చచ్చిపోతావ్. నువ్వు నాక్కావాలని పెద్దమ్మకి చెప్పేశాగా."