పాటల గదిలో పన్నెండో కార్డు

ఈ అరబ్బు దేశంలో, బ్నీద్ అల్ గార్ పేటలో ఆ పాత ఇంటి పాటల గదికి మంచి పేరు లేదు. జూలైలో ఏసీ ఆగిపోయినా సరే, చీకటి పడ్డాక మెకానిక్కు ఆ గడప తొక్కడు. లోపల ఎవరో సర్దుతూ ఉంటారట...

నేను చూడలేదు. ఫింటాస్‌లో మా పక్క ఫ్లాటు నాగేంద్రప్రసాద్ చెప్పిందే చెబుతున్నాను. లైబ్రరీ సైన్సు చదివిన మనిషి. ఇంట్లో ఉప్పు డబ్బాకి కూడా నంబరు వేసుకుంటాడు. కథలల్లేంత ఊహ ఆయనకి లేదు.

ఆ ఇల్లు ఆయన కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానిది. అక్కడే సొంత లైబ్రరీ ఉంది. అందులో ఒకప్పుడు ఇక్కడా, బస్రాలోనూ పాడిన యూదు సంగీతకారుల గ్రామఫోను రికార్డులు నాలుగు వందలు. ప్రతిదానికీ కార్డు రాయాలి, అర చూపించాలి. ఆదివారం తనిఖీ. కార్డు చెప్పిన అరలో రికార్డు లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం పొడిగించనని కఫీల్ ముందే చెప్పేశాడు. అంటే పెట్టే బేడా సర్దుకోవడమే.

నాగేంద్రప్రసాద్ అన్నిటినీ మొదటి అరలో, 'యూదు సంగీతం' కింద పెట్టాడు. మర్నాడు చూస్తే పన్నెండు రికార్డులు మూడో అరలో ఉన్నాయి – 'పెళ్ళి పాటలు' కింద.

వెనక్కి సర్దాడు. మర్నాడు మళ్ళీ మూడో అరలో... అవే పన్నెండు. వేసిన తాళం వేసినట్టే ఉంది.

బుధవారం రాత్రి దీపాలార్పి బీరువా వెనక నక్కాడు. భయం కన్నా ఇఖామా పెద్దది మరి.

పదిన్నరకి తాళం తిరిగింది. కిర్రు... కిర్రు... కూర్చున్న ఆకారం ఒకటి, నడవకుండానే లోపలికి వచ్చింది.

"ఇదేనా మామా?" అని గుసగుస.

నాగేంద్రప్రసాద్ లైటు వేశాడు. చక్రాల కుర్చీలో కఫీల్ తల్లి, ఇంట్లో పనివాళ్ళంతా 'మామా' అని పిలిచే తొంభై ఏళ్ళ ముసలావిడ. వెనక ఆమెను చూసుకునే సిద్ధమ్మ, చంకలో రికార్డులు.

"అయ్యగారికి చెప్పొద్దు సార్," అంది సిద్ధమ్మ. "ఇవి మామా పెండ్లిలో పాడిన పాటలంట. యాడబడితే ఆడ పెడితే ఆయమ్మకు నిద్దర పట్టదు."

"అవి యూదు సంగీతం సిద్ధమ్మా."

సిద్ధమ్మ వంగి మామాను అరబ్బీలో అడిగింది. "కాదంట సార్. ఆయమ్మ పెండ్లంట."

పాపం, ఇద్దరిదీ నిజమే. రికార్డు రెండు అరల్లో ఉండదు గానీ, దానికి రెండు కార్డులు ఉండొచ్చు. 'పెళ్ళి పాటలు – మొదటి అర చూడండి' అని పన్నెండు కార్డులు అరబ్బీలో అప్పుడే రాసి మూడో అరలో పెట్టాడు. మామా మూడుసార్లు చదివించుకుని, ఇక సరే అన్నట్టు "ఖలాస్" అంది.

పన్నెండో రికార్డు మీద మాత్రం పేరు చెరిగిపోయింది. ఆ పాట కట్టిందెవరని అడిగించాడు.

"పేరు గ్యాపకం లేదంట సార్. అన్నం మటుకు బాగా తిన్యాడంట."

'కర్త తెలియదు' అని రాశాడు.

గురువారం సాయంత్రం ఇంటిల్లిపాదీ జహ్రాలో కూతురింటికి వెళ్ళారు. గదికి రెండే తాళంచెవులు. ఒకటి మామా మెడలో జహ్రా వెళ్ళింది, రెండోది నాగేంద్రప్రసాద్ జేబులో ఉంది.

శనివారం ఆఖరిసారి సరిచూసుకుందామని వెళ్ళాడు. రికార్డులన్నీ మొదటి అరలోనే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని పన్నెండో కార్డు తీశాడు...

'కర్త తెలియదు' కొట్టేసి ఉంది. పైన పెన్సిలుతో అరబ్బీలో – యాఖూబ్. కింద ఇంకో వరస: 'ఊద్ వాయించింది కూడా నేనే.'

పారిపోదామనుకున్నాడు. కానీ పేరు ఎవరు చెప్పారో రాయకపోతే కార్డు చెల్లదు. గంటసేపు ఆలోచించి, చెమటలు తుడుచుకుని రాశాడు – 'పేరు తెలిపినవారు: స్వయంగా కర్తే.'

ఆదివారం కఫీల్ ఆ కార్డు దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నాగేంద్రప్రసాద్ మనసులో విజయవాడ టిక్కెట్టు కొనేసుకున్నాడు.

"ఈయన ఎప్పుడు చెప్పాడో తేదీ వెయ్యలేదేం?" అన్నాడు కఫీల్.

తేదీ వేశాడు. ఇఖామా వచ్చింది.

ఇంకా ముప్పై కార్డుల మీద 'కర్త తెలియదు' అనే ఉంది. అందుకని ఇప్పుడు రోజూ తాళం వేసే ముందు కొత్త పెన్సిలు చెక్కి బల్ల మీద పెట్టి వస్తున్నాడట. మొన్న పొద్దున వెళ్ళేసరికి సగమే మిగిలిందట.