వినడానికి ఒక మనిషి

"ఈసారి ఏం పోయింది?"

నొరీన్ తలెత్తకుండానే అడిగింది. తుక్కు కార్ల యార్డు గేటు దగ్గర వానలో నిలబడ్డది ఎవరో ఆమె చూడక్కర్లేదు. ఐర్లండ్‌లోని ఈ లైట్రిమ్ కొండల్లో ఏ శనివారమైనా సరే, ఓ ముసలి డీజిల్ కారు దగ్గుకుంటూ వచ్చి ఆ గేటు ముందు ఆగుతుంది. అందులోంచి ఫింటన్ దిగుతాడు.

"గాలి కొలిచే సెన్సర్."

"పోయినవారం పట్టుకెళ్ళింది అదేగా?"

"కాదు, అది పొగ వాల్వు. దాంతో కుదర్లేదు. ఇప్పుడు సెన్సర్ పోయిందని స్కానర్ చెప్తోంది."

"ఆ స్కానర్‌కి మీరంటే ఎందుకో గిట్టదు."

షెడ్డులోంచి నొరీన్ తండ్రి మాటీ కేక వేశాడు. "అల్లుడొచ్చాడటే? టీ పొయ్యి!"

"నాన్నా!"

ఫింటన్ చెవులు ఎర్రబడ్డాయి. చలికి అనుకోవచ్చు.

ఆ కారు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. కొండ సగం ఎక్కేసరికి ఊపిరి వదిలేస్తుంది. ఇంజన్ లైటు వెలుగుతుంది. ఆపైన ముసలి గాడిద నడకే. వెనక ట్రాక్టర్లవాళ్ళు హారన్లు కొడతారు, బూతులు తిడతారు. తీరా ఇంటి ముందు నిలబెట్టి బానెట్ ఎత్తితే ఒళ్ళో పడుకున్న పిల్లిలా మెత్తగా గుర్రుమంటుంది, ఏ జబ్బూ లేనట్టు. ఇంటర్నెట్‌లో అడిగితే తలో మాట చెప్పారు. ఒక్కో మాటకీ ఓ సామాను కొన్నాడు. ఊళ్ళో మెకానిక్కు "నా దగ్గర బాగానే నడిచిందే" అని చేతులు దులుపుకున్నాడు. జనం తీరే అంత. తమ ముందు పోనిది ఎక్కడా పోలేదంటారు.

"వచ్చేవారం కారుకి ఫిట్‌నెస్ టెస్టు," అన్నాడు ఫింటన్. "ఈ సెన్సర్‌తోనూ బాగుపడకపోతే కారు మీకే తుక్కు కింద ఇచ్చేస్తా. కారు లేకుండా ఆ కొండ మీది ఇంటినించి మిల్లు పనికి రాలేను. స్లైగో టౌన్లో మా అక్కావాళ్ళింట్లో వెనకగది ఖాళీగా ఉంది."

నొరీన్ చేతిలో స్పానర్ ఆగింది. "అంటే ఇక రారన్నమాట."

"కారే తుక్కయ్యాక దేనికొస్తాను?"

నిజంగానే అడిగాడు పిచ్చిమాలోకం. నొరీన్ ఓసారి ఆకాశంకేసి చూసి ఊపిరి పీల్చుకుంది.

"కొండెక్కేటప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని దాని చప్పుడు విన్నారా?"

"నేను వింటున్నాగా."

"నడిపేవాడి ధ్యాస రోడ్డు మీద ఉంటుంది. పక్కన ఎవరైనా?"

"నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నాడు. నొరీన్ కోటు అందుకుంది.

"పదండి."

"మరి సెన్సర్..."

"దాని సంగతి తర్వాత, రండి ముందు!"

పక్క సీటు నిండా ఊడదీసిన పాత సామాన్లే. వాటిని వెనక్కి విసిరి కూర్చుంది. కొండ మొదలవగానే అద్దం దించి తల బయట పెట్టింది.

"తొక్కండి! ఇంకా!"

"మీరు తడిసిపోతున్నారు!"

"నన్ను కాదు, రోడ్డు చూడండి!"

సగం కొండ దగ్గర సన్నగా ఈల వినిపించింది, కెటిల్ మరిగినట్టు. ఆపమంది. బానెట్ ఎత్తి, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో నుంచి వచ్చే లావుపాటి రబ్బరు గొట్టం కింద వేలు పెట్టి తడిమింది. వేలు నల్లటి నూనెతో పైకొచ్చింది. గొట్టాన్ని వంచితే గానీ కనపడని చీలిక.

"నిలబెడితే మూసుకుంటుంది. భారం పడితేనే నోరు తెరుస్తుంది. అచ్చం మీలాగే. నిలబెట్టి అడిగితే ఏమీ లేదంటుంది."

ఫింటన్ నవ్వాడు. నొరీన్ అతని పళ్ళు చూడటం అదే మొదలు.

యార్డులో ఓ చచ్చిన కారుకున్న గొట్టం విప్పి దీనికి బిగించారు. సాయంత్రానికి కారు కొండెక్కింది, దగ్గకుండా. వారం మధ్యలో టెస్టు పాసైంది. ఫింటన్ సంతోషించాల్సిన మాట. కానీ మిల్లుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ అతని కళ్ళు డాష్‌బోర్డు మీదే. ఆ దిక్కుమాలిన ఇంజన్ లైటు ఒక్కసారి వెలిగితే బాగుండునని బతుకులో మొదటిసారి అనుకున్నాడు. వెలగలేదు. మనకు కావలసినప్పుడు ఏదీ పాడవదు.

శనివారం గేటు దగ్గర దగ్గు వినపడలేదు. అందుకని నొరీన్ చూడలేదు. మాటీయే చూశాడు. "అల్లుడే! కారు మాత్రం దగ్గట్లేదు."

నొరీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈసారి ఏం పోయింది?"

"ఏం పోలేదు."

"టెస్టు?"

"పాసైంది."

"మరెందుకొచ్చారు?"

ఫింటన్ కారు పక్క తలుపు తెరిచాడు. "పక్క సీటు ఖాళీ చేశాను," అన్నాడు.

నొరీన్ వంగి చూసింది. పాత సామాన్లు లేవు. సీటు మీద మడతపెట్టిన ఉతికిన తువ్వాలు ఉంది.

"తల బయట పెడితే తడుస్తావని," అన్నాడు. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిన సంగతి అతను గమనించలేదు. ఆమె గమనించింది.

"టీ పొయ్యనా వద్దా?" అని షెడ్డులోంచి మాటీ.

"వచ్చాక ఇద్దరం తాగుతాం నాన్నా!"

"తీరిగ్గా రండి. కెటిల్ ఎక్కడికీ పోదులే."

నొరీన్ ఎక్కి కూర్చుని అద్దం దించింది. "ఇవాళ ఏం వినాలి?"

"కొండెక్కేటప్పుడు చెప్తా. నిలబెట్టి అడిగితే ఏమీ లేదంటాను."

"అయితే తొక్కు," అంది నొరీన్.