ఆవిడ అంత గబగబా నడవదు

"మీరు మా తాతయ్యగారి అమ్మని కోడిపిల్లలా పరిగెత్తించారు," అంది ఆ అమ్మాయి, గుమ్మంలో నిలబడే.

అతను పాత సినిమా రీళ్ళు బాగుచేసే మనిషి. ముందు రోజు సాయంత్రం తను వేసిన ప్రదర్శనకి పడిన చప్పట్లతో ఇంకా గాల్లోనే తేలుతున్నాడు. మూతపడిన సినిమా హాలు అటక మీద మూకీ చిన్న చిత్రాల డబ్బాలు దొరికితే, ఒక దాని మీద 'మా ఆవిడ' అని రాసి, కింద కెమెరా తిప్పినాయన పేరుంది. ఆయన కొడుకుని వెతికి పట్టుకుని, ఈ మనవరాలితో సహా ముందు వరసలో కూర్చోబెట్టింది తనే. ఒకావిడ నీళ్ళ బకెట్‌తో పరుగు పరుగున వచ్చి, దాన్ని దించి, చటుక్కున తలెత్తి చూస్తుంది. అంతే సినిమా. హాలంతా పగలబడి నవ్వింది.

"జనానికి నచ్చిందండీ," అన్నాడు నసుగుతూ.

"మా తాతయ్యకి నచ్చలేదు. ఆయన పుట్టిన పూటే వాళ్ళమ్మ పోయింది. ఫోటో కూడా లేదు. తొంభై ఏళ్ళకి మొదటిసారి అమ్మని చూస్తుంటే చుట్టూ అందరూ నవ్వారు. అప్పట్నించీ ఎవరితోనూ మాట్లాడటం లేదు."

అతను కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"నేను ఫిజియోథెరపిస్టుని. మనుషుల నడక చూడటమే నా పని. నిండు బకెట్‌తో ఎవరూ అలా నడవరు. మీ మిషన్ స్పీడు తప్పు."

"మూకీలకి పెట్టే స్పీడే పెట్టానండీ."

"అందరి చెయ్యీ ఒకేలా తిరుగుతుందా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆ రోజుల్లో కెమెరాని చేత్తో తిప్పేవారు. ఎవరి చెయ్యి వాళ్ళది. అది తెలిసి కూడా అన్ని డబ్బాలకీ ఒకే స్పీడు పెట్టేశాడు. అతనికి సిగ్గేసింది.

ఆ వారమంతా క్లినిక్ మూయగానే ఆమె వచ్చేది. తెర పక్కన అతనిచేత నిండు బకెట్ మోయించి, ఆ నడకతో పోల్చి చూస్తూ మిషన్ స్పీడు తగ్గించేది.

"మామూలుగా నడవండి. ఎవరో చూస్తున్నట్టు నడుస్తున్నారు."

"చూస్తున్నారు కదండీ."

బకెట్ తొణికి బూట్లు తడిశాయి. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి మిగతా నీళ్ళు కూడా ఒలికిపోయాయి.

చివరికి తెర మీద మనిషి మనిషిలా నడిచింది. కానీ బకెట్ దించి తలెత్తగానే మళ్ళీ గబగబా కదిలింది.

"ఇక్కడేమైంది?"

అతను ఆ ముక్కని మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు. "ఇక్కడ ఆయన చెయ్యి నెమ్మదించింది. అప్పుడు బొమ్మలు తక్కువ పడతాయి. వాటిని మామూలుగా వేస్తే మనిషి పరిగెడుతుంది."

"ఎందుకు నెమ్మదించింది?"

"ఆవిడ ఆయన వంక చూసింది. తిప్పడం మర్చిపోయాడు."

"దగ్గరుండి చూసినట్టు చెప్తున్నారే."

"మీరు చూస్తుంటే నేను నడవడం మర్చిపోలేదా? మీరంటే నాకు ఇష్టమండీ."

ఆమె ఖాళీ బకెట్ తీసి మూల పెట్టింది. "ముందు తాతయ్యకి చూపించండి. ఆయన మళ్ళీ బాధపడితే మీ మొహం చూడను," అంది.

తాతయ్య రానంటే రానన్నాడు. బతిమాలి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

ఈసారి ఆవిడ నింపాదిగా వచ్చింది. ఒక చేత్తో బకెట్, రెండో చెయ్యి నడుం మీద, కాస్త వెనక్కి వాలిన నడక. బకెట్ దించి తలెత్తగానే అతను స్పీడు ఇంకా తగ్గించాడు. ఆవిడ అలా చూస్తూ ఉండిపోయింది. తాతయ్య కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

మనవరాలు ఆయన కుర్చీ పక్కన చతికిలబడింది. "తాతయ్యా, అది కడుపుతో ఉన్న మనిషి నడక. రోజూ చూస్తాను, నాకు తెలుసు. ఆవిడకి నువ్వొక్కడివేగా?"

ఆయన మళ్ళీ తెర వంక చూశాడు.

"అంటే... అందులో నేనూ ఉన్నానా?"

"ఉన్నావు. మీ నాన్న తిప్పుతున్నాడు. ముగ్గురూ ఉన్నారు."

ఆయన మనవరాలి భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని మిషన్ వైపు తిరిగాడు. "బాబూ, ఇది మా ఇంట్లో వేసుకోవచ్చా?"

అతను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "వేసుకోవచ్చు తాతయ్యా. కాకపోతే మిషన్‌తో పాటు మనిషిని కూడా ఇంట్లో పెట్టుకోవాలి. నాకైతే ఇష్టమే."

తాతయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మా అమ్మని ఇంటికి తెస్తున్నవాడు పరాయివాడెలా అవుతాడే," అన్నాడు. "ముందు ఇంకోసారి వెయ్యి బాబూ."