ఖాళీగా ఉంచాల్సిన డిస్క్

"డిస్క్ పోయింది మేడం. ఈసారి నిజంగానే పోయింది," అన్నాడు ఫోన్‌లో క్రాంతి.

సూర్యాపేట ఆఫీసులో కూర్చున్న వనిత నవ్వు ఆపుకుంది. ఈసారి నిజంగానే అంటున్నాడంటే ఇంతకుముందు చెప్పినవన్నీ ఏమిటో తనే ఒప్పుకున్నట్టు. ఆ ముక్క అతనికి తట్టలేదు. "సరే క్రాంతి గారూ, సూస్తలెండి," అని పెట్టేసింది. పెట్టేసిందే గానీ చూడలేదు.

రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ అది. సూర్యాపేటలో పెద్దాఫీసు, కోదాడలో బ్రాంచి, మిర్యాలగూడలో గోదాము. విత్తనాల ఆర్డర్లు, మిల్లులతో బేరాలు, లారీల కబుర్లు అన్నీ మెయిల్‌లోనే నడుస్తాయి. మన ఉత్తరాలు పరాయి కొంపలో ఎందుకుండాలని చైర్మన్ లక్ష్మయ్య మొండికేసి సొంత మెయిల్ సర్వర్ పెట్టించాడు. పెట్టింది వనిత, చివ్వెంల పక్క తండా పిల్ల. అసలు సర్వర్ సూర్యాపేటలో, దాని జంట కోదాడలో. ఒక ఊళ్లో డిస్క్ చెడిపోతే పక్కనే ఖాళీగా ఉంచిన స్పేర్ డిస్క్‌ను సర్వరే అందుకోవాలి. రెండో ఊరి నుంచి డేటాబేస్ మొత్తం తెచ్చుకుని మళ్లీ నిలబడాలి. మనిషి చెయ్యి పెట్టే పనిలేదు. "దానంతట అదే లేస్తది సార్," అని మేనేజర్ మురళీధర్‌కు ఆమె మాటిచ్చింది కూడా.

కోదాడ సర్వర్‌ను చూసుకునేవాడు క్రాంతి. నడిగూడెంలో గొర్లు కాసుకునే ఇంటివాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అంతా ఫోన్లోనే. మెయిల్ నెమ్మదిగా పోతోందనీ, ఎర్ర లైటు వెలిగిందనీ ఏదో ఒక వంకతో ఫోన్ చేసేవాడు. సర్వర్ తనకేమైందో తనే రాసుకునే లాగ్‌లు ఆమె తిరగేస్తే అందులో ఏమీ ఉండేది కాదు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అదీ పోయింది.

పోయిన వానాకాలం ఆ ఫోన్లు ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది ఆమెకు, తను ఫోన్ వైపే చూస్తూ కూర్చుంటోందని. చాలా రోజులకు మళ్లీ చేశాడు. నాయన పోయాడని చెప్పాడు. ఆ తర్వాత సర్వర్ ఫ్యాన్ చప్పుడు చేస్తోందన్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని ఏ చప్పుడూ లేని ఆ ఫ్యాన్‌ను ఆమె చాలాసేపు విన్నది.

అందుకే ఈసారి కూడా నమ్మలేదు. మర్నాడు పొద్దున మురళీధర్ పిలిచి గట్టిగా వేసుకున్నాడు. కోదాడ డిస్క్ నిన్నటి నుంచి చచ్చి ఉంది. లేస్తానన్న సర్వర్ లేవలేదు. ఇక మిగిలింది సూర్యాపేటలో ఒక్కటే కాపీ, అదీ పాత డిస్క్ మీద. అదీ పోతే కంపెనీ మెయిళ్లన్నీ పోయినట్టే, నీ ఉద్యోగం కూడా పోయినట్టే అని దాపరికం లేకుండా చెప్పాడు.

వానలో బస్సెక్కింది.

ఆ గొంతుకు మీసాలున్న భారీ మనిషిని ఊహించుకుంది ఇన్నాళ్లూ. కోదాడ బస్టాండులో సన్నటి కుర్రాడొకడు గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. ఆ గొడుగు ఆమె తల మీద కాకుండా ఆమె బ్యాగు మీద పట్టాడు.

"నేను తడుస్తున్న," అంది వనిత.

"మీరు తడిస్తే ఆరతారండీ. ల్యాప్‌టాప్ ఆరదు."

ఆమెకు కోపం రావాల్సింది, రాలేదు. అది బయటపడకుండా నడక వేగం పెంచింది. నిన్ననే చెప్పాను గదా అని అతను వెనకాల గొణుగుతూనే వచ్చాడు. మీ మాటల్లో ఏది నమ్మాలో ఏది నమ్మొద్దో నాకెట్ల తెలుస్తదని ఆమె తిరిగి చూడకుండానే అడిగింది.

బ్రాంచి ఆఫీసులో సర్వర్ లాగ్ తెరిస్తే అంతా ఉంది. డిస్క్ పోయిందని సర్వర్ వెంటనే గుర్తుపట్టింది. స్పేర్ కోసం వెతికింది. ఖాళీ డిస్క్ లేదని వదిలేసింది. కాసేపాగి మళ్లీ వెతికి మళ్లీ వదిలేసింది. చివరికి అలిగినట్టు ప్రయత్నమే మానుకుంది.

ఖాళీ లేకపోవడమేమిటని వనిత స్పేర్ డిస్క్ తెరిచింది. నిండా వీడియోలు.

క్రాంతి మొహం పాలిపోయింది. "నేనే పెట్టానండీ. ఖాళీగా ఉంది గదా అని."

మన ఊళ్లలో ఖాళీని చూసి ఊరుకునే మనిషి లేడు. బస్సులో ఖాళీ సీటు కనబడితే కిటికీలోంచి తువ్వాలు విసురుతాం. ఖాళీ డబ్బా కనబడితే పప్పు పోస్తాం. ఖాళీగా ఉండడమే ఈ డిస్క్ చేసే ఉద్యోగం అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

"తుడిచేయండి," అన్నాడతను కిటికీ వైపు తిరిగి. "ఏం కాదు."

ఏం కాదన్న మనిషి గొంతు అలా ఉండదు. ఆమె ఒక వీడియో తెరిచింది.

రెండేళ్లకోసారి జరిగే దురాజ్‌పల్లి గట్టు జాతర. తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన భేరి కొడుతూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. వెనకాల మెట్ట చెలకలో ట్రాక్టర్లు, పొయ్యిల పొగ, ఒక మోటారు షెడ్డు. ఆ షెడ్డుకు నీలం తలుపు. వనిత తెర దగ్గరికి వంగి చూసింది. ఆ తలుపుకు రంగేసింది ఆమే.

ఆ మాట బయటికి అనలేదు. "మీ నాయనా?" అని మాత్రం అడిగింది.

తలూపాడు. పేరు బీరన్న. అదే ఆయన చూసిన ఆఖరు జాతర. తీసిన ఫోన్ పోయింది, ఇక ఇవి ఉన్నది ఇక్కడ ఒక్కచోటే. తట్టుకోలేదని వాళ్లమ్మకు ఇంతవరకూ చూపించలేదట.

సరిగ్గా అప్పుడే మురళీధర్ ఫోన్. స్పేర్ నిండిందా, అయితే తుడిచి పారెయ్, ఇంకా ఆలోచన దేనికి అన్నాడు.

"తుడవను సార్," అంది వనిత.

మిర్యాలగూడ గోదాములో వచ్చే నెల పెట్టబోయే సర్వర్ కోసం కొన్న కొత్త డిస్క్ ఉందనీ, అది తెచ్చి పెడితే సాయంత్రానికి పనవుతుందనీ చెప్పింది.

"ఈలోపల సూర్యాపేటది గూడ పోతే?"

"పోతే నేను గూడ పోత సార్."

క్రాంతి కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు. అతని చూపు పడినచోట ఆమె చెంప వేడెక్కింది. ల్యాప్‌టాప్‌లో ఆ వీడియోలు పట్టవని అతనికి వివరించింది, అదేదో చాలా ముఖ్యమైన సంగతైనట్టు.

హుజూర్‌నగర్ మీదుగా బండి మీద బయల్దేరారు. సన్నటి జల్లు. రెండు పక్కలా నాట్లు పడుతున్న పొలాలు. ఆమె చేతిలో ఫోన్ మోగినప్పుడల్లా సూర్యాపేట సర్వరేమోనని అతను బండి నెమ్మది చేసేవాడు. ఒకసారి సిమ్ కంపెనీ వాళ్లు, ఒకసారి వనిత వాళ్లమ్మ కమలాబాయి, అన్నం తిన్నవా అని.

"జాతరకు మీ బండ్లు యాడ దిగుతయ్?" అడిగింది.

"ఎవరిదో చెలకండీ. మా నాయనకు దోస్తు. ఏటేటా... అదే, జాతర జాతరకూ అక్కడే."

తండా పిల్ల, గొర్లకాపరుల ఇంటి పిల్లగాడు. ఇట్లాంటి జంటల పేర్లు పేపర్లో ఏ పేజీలో వస్తాయో ఇద్దరికీ తెలుసు. సర్వర్‌కు లేని కులం రోగం మనుషులకుంది.

డిస్క్ తీసుకుని తిరిగొస్తుంటే వాన పెద్దదైంది. ఒక టీకొట్టు రేకుల కింద ఆగారు. డిస్క్ డబ్బా అతని చొక్కా లోపల ఉంది. అతను మాత్రం నిలువునా తడిసిపోయాడు.

"ఒకటి చెప్పాలండీ," అన్నాడు. "ఫ్యాన్ చప్పుడని, ఎర్ర లైటని చేశాను చూడండి..."

"లాగ్‌లల్ల అన్నీ పడతయ్ క్రాంతీ. నీ సర్వర్‌కు ఎన్నడు ఏం కాలే. నాకు ఎప్పుడో తెలుసు."

గారూ పోయింది, మీరూ పోయింది. అది ఇద్దరూ గమనించారు.

"మరి ఎందుకు ఎత్తేదానివి ఫోను?"

వనిత టీ గ్లాసులోకి చూసింది. "నిన్న ఒక్కనాడు నమ్మకపోతి. అదొక్కటే నా తప్పు," అంది. అతను అడిగింది దానికి జవాబు కాదది. అయినా అతనికి అందింది.

కోదాడలో చచ్చిన డిస్క్ పీకి కొత్తది పెట్టారు. ఆమె కీబోర్డు ముట్టలేదు. మాటిచ్చింది గదా, దానంతట అదే లేవాలి. కాసేపు ఏమీ కాలేదు. అప్పుడు లాగ్‌లో కొత్త గీత పడింది, స్పేర్ దొరికిందని. ఆ వెనకే ఇంకోటి, సూర్యాపేట నుంచి డేటాబేస్ బయల్దేరిందని.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు.

"ఏం ముట్టకు. చేతులు ఖాళీగ పెట్టుకో."

పెట్టుకున్నాడు బుద్ధిమంతుడిలా, బల్ల మీద. ఖాళీని చూసి ఊరుకోవడం ఆమెకూ అలవాటు లేదు. ఆ చెయ్యి పట్టుకుంది. సూర్యాపేట నుంచి మెయిళ్లన్నీ కోదాడకు చేరేదాకా వదల్లేదు.

ఆ ఆదివారం వీడియోలన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించుకుని నడిగూడెం వెళ్లింది. క్రాంతి తల్లి తిరుపతమ్మకు ఆఫీసు మేడం వచ్చిందని మాత్రమే తెలుసు. మంచినీళ్లిచ్చి టీవీ ముందు చాప మీద కూర్చుంది, అమ్మా కొంచెం గట్టిగా ఉండమని కొడుకు చెబుతుంటే వినకుండా.

తెర మీద బీరన్న భేరి దించి చెమట తుడుచుకున్నాడు. పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. నీలం తలుపు వైపు తిరిగి కేకేశాడు.

"సక్రు బావా, రా. చెలక గల్లోడు తిన్నంకనే మేం తినాలె."

షెడ్డు వెనక నుంచి సక్రు సిగ్గుపడుతూ వచ్చి విస్తరాకు అందుకున్నాడు.

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు భుజాలు కదిలాయి. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆ సక్రన్న ఇప్పుడెట్లున్నడో ఏమో అని తనలో తనే అనుకుంది.

"మంచిగున్నడు," అంది వనిత. "మా నాయన."

క్రాంతి చేతిలో రిమోట్ జారి చాప మీద పడింది. తిరుపతమ్మ ఆ పిల్ల వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. వాడి మొహంలో ఉన్నది చదవడానికి ఏ లాగ్‌లూ అక్కర్లేదు.

"ఆ మాట మల్లొక్కసారి వెయ్యి," అంది.

సక్రు బావా, రా. బీరన్న మళ్లీ పిలిచాడు.

"ఇన్నేండ్లు ఆయన బావా అన్నడు. నేను అన్నా అని పిలిచిన. ఆయన చెలకల వండుకొని తిన్నం," అంది తిరుపతమ్మ. "అన్న బిడ్డ నాకేమయితదిరా?"

వనిత తల చాపలోకి దూరిపోయేలా వంగింది.

"ఫోన్ల గంటలు గంటలు మాట్లాడుతవ్ గద. చెప్పు."

"కోడలయితది," అన్నాడు.

తిరుపతమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఇంకో సోలెడు బియ్యం కడుగుత," అంది. "సక్రన్నకు ఫోన్ కలుపు. బిడ్డ మా ఇంట్ల తింటున్నదని నేనే చెప్త."